ఆడుకోడానికే అయితే ఫీజెందుకు?

ఎల్‌కేజీ పేరెంట్స్ మీటింగులో ఏటా ఎవరో ఒక తండ్రి లేచి ఈ ప్రశ్న వేస్తాడు. "ఏం చేశావురా బళ్ళో అని అడిగితే ఆడుకున్నానంటాడు మేడమ్. ఆడుకోడానికే అయితే ఇంట్లోనే ఆడుకుంటాడు కదా, ఇంత ఫీజు కట్టడం దేనికి?" చుట్టూ ఉన్న తల్లిదండ్రులు తలలూపుతారు. మేడమ్ కరస్పాండెంటు వైపు చూస్తుంది. మర్నాటి నుంచి డైరీలో హోంవర్కు రెట్టింపవుతుంది.

ఆ తండ్రి తెలివితక్కువవాడేం కాదు. పక్క ఫ్లాటు పిల్ల నోటుపుస్తకంలో ఇరవై పేజీలు నిండాయి. తన కొడుకు పుస్తకంలో రంగు మరకలు తప్ప ఏమీ కనబడలేదు. భయపడ్డాడు. ఇలాంటి భయాలన్నీ పేరుకుని ఇవాళ తెలుగునాట నాయనమ్మ దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరి నోటా ఒకటే మాటై కూర్చున్నాయి: ఆట వేరు, చదువు వేరు, మూడేళ్ళు నిండగానే చదువు మొదలుపెట్టకపోతే పిల్లవాడు వెనకబడిపోతాడు.

ఈ మాటను ఖండించబోయేముందు దాని బలం దానికి ఇవ్వాలి. బడిలో గడిపే ప్రతి గంటకూ డబ్బు కడుతున్నాం, ఇంట్లో దొరకనిదే అక్కడ దొరకాలి అంటారు. మెదడు ఆరేళ్ళలోపే ఎక్కువగా ఎదుగుతుందని శాస్త్రం చెబుతోంది, ఆ కాలాన్ని ఆటలకు ఒదిలేస్తామా అంటారు. కుదురుగా కూర్చోవడం ఇప్పుడు అలవాటు కాకపోతే ఇంకెప్పుడూ కాదంటారు. ఒకటో తరగతికి పోయేసరికి వంద దాకా అంకెలు, చిన్న చిన్న మాటలు రాయడం రాకపోతే మిగతావాళ్ళు దాటిపోతారంటారు. ఆఖరిది అన్నిటికన్నా బరువైనది: ఆటపాటల చదువు ఉన్నవాళ్ళ ముచ్చట, పేదింటి పిల్లకు అక్షరం ఒక్కటే నిచ్చెన, అది ఎంత త్వరగా చేతికందితే అంత మేలు.

ఈ అయిదు మాటల్లో ఒక్కటి కూడా నిలవదు.

1. ఆ నోటుపుస్తకం ఎవరిది?

మా పై ఫ్లాటులో నాలుగేళ్ళు నిండని పాప ఉంది. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి డైనింగ్ టేబుల్ ముందు కుర్చీలో రెండు దిండ్లు వేసి దాని మీద కూర్చోబెట్టారు. కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. డైరీలో రాసి ఉన్నది: "3, ఒక పేజీ". పాప పెన్సిల్‌ని గుప్పెట బిగించి, భుజం మొత్తం కదుపుతూ రాస్తోంది. నాలుక కొస పెదాల మధ్య నుంచి బయటికొచ్చింది. మొదటి మూడు బాగానే కుదిరింది. అయిదోది అటు తిరిగి ఇంగ్లీషు 'ఈ' అయింది. రబ్బరుతో చెరిపితే కాగితం చిరిగింది. వాళ్ళమ్మ స్టవ్ సిమ్‌లో పెట్టి వచ్చి, పాప చేతిని తన చేతిలోకి తీసుకుని, మిగతా నాలుగు వరసలూ గబగబా నింపేసింది. మర్నాడు ఆ పేజీ మీద ఎర్ర ఇంకుతో స్టారు పడింది. ఆ సాయంత్రమే నేను "మూడు బిస్కెట్లు ఇవ్వమ్మా" అని చెయ్యి చాపితే ఆ పాప ప్లేటులోంచి గుప్పెడు తీసి నవ్వుతూ నా చేతిలో పోసింది.

ఆ స్టారు ఎవరికొచ్చినట్టు?

మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు వాటిలో ఒక్కటీ ఎముకగా ఉండదు, అంతా మెత్తని మృదులాస్థి. మూడేళ్ళకు రెండో మూడో గట్టిపడడం మొదలవుతుంది. ఆఖరిది తొమ్మిదీ పదేళ్ళు దాటాక గానీ ఆ పని మొదలుపెట్టదు. ఎముక ముదిరేదాకా పెన్సిల్ ముట్టకూడదని నేను అనను. ఒంటి మీద అదుపు వచ్చే వరస ఒకటుంది: ముందు భుజం, తర్వాత మోచెయ్యి, ఆ తర్వాత మణికట్టు, చిట్టచివర వేలికొస. ఆ వరసను డైరీలో రాసి తొందరపెట్టలేం. చపాతీ పిండి పిసకడం, ఇసకలో పిచ్చుకగూళ్ళు కట్టడం, పూసలు గుచ్చడం, అచ్చనగాయలు ఎగరేసి పట్టడం ఆ వేళ్ళకు కసరత్తు. తెలుగు అక్షరానికి ఆ కసరత్తు మరీ అవసరం. 'ఋ' దగ్గరా 'ఝ' దగ్గరా వేలు ఎన్ని మలుపులు తిరగాలో ఒకసారి మీరే నెమ్మదిగా రాసి చూసుకోండి. స్టాండింగ్ లైన్లు, స్లీపింగ్ లైన్లు వంద గీసిన చెయ్యికి ఆ మలుపు రాదు, విసుగు మాత్రం వస్తుంది.

నోటుపుస్తకం పిల్లవాడి కోసం పుట్టింది కాదు. ఫీజు కట్టినవాడికి ఇచ్చే రసీదు అది. ఇవాళ మీవాడు జారుడుబల్ల దగ్గర తన వంతు వచ్చేదాకా ఆగాడు అనే సంగతికి రసీదు ఉండదు. నిండిన పేజీకి ఉంటుంది. అందుకే పేజీ నిండుతోంది.

2. "ఇంట్లోనే ఆడుకుంటాడు కదా"

ఏ ఇంట్లో? వీధిలో పదిమంది పిల్లలు, పెరట్లో చెట్టు, అరుగు మీద ముసలమ్మ ఉన్న ఇల్లు ఆ తండ్రి చిన్నప్పటిది. ఇప్పుడు ఆయన కొడుకు ఉన్న ఇంట్లో రెండు బెడ్‌రూములు, ఒక ఫోను, కింద సెల్లార్లో కార్లు. ఇంట్లో ఆడుకుంటాడు అంటే అసలర్థం ఫోను చూస్తాడని. షోకేసులో ఏటికొప్పాక లక్కపిడతలు కూడా ఉంటాయి పాపం. అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులద్ది పిల్లలు ఆడుకోడానికని చేసినవి. అద్దం వెనక పెట్టి "ముట్టుకోకు, పాడైపోతుంది" అంటాం.

అసలు ఆట అంటే ఏం జరుగుతుందో ఒకసారి పక్కన కూర్చుని చూస్తే ఈ వాదన అక్కడే ఆగిపోతుంది. కరెంటు పోయిన ఒక సాయంత్రం మా మెట్ల మీద ముగ్గురు పిల్లలు కొట్టు పెట్టారు. పెద్దదానికి ఆరేళ్ళుంటాయి.

"నువ్వు అమ్మేదానివి. నేను కొనడానికొస్తా."

"నా దగ్గర డబ్బుల్లేవే."

"ఆకులు డబ్బులు. చిన్నాకు పది, పెద్దాకు వంద."

"నాకు రెండు టమాటాలు."

"టమాటాలు అయిపోయినయ్, రేపు రండి. బెండకాయలున్నయ్ ఫ్రెష్‌గా."

మూడోవాడికి మూడేళ్ళు. వాడు ఒకేసారి అన్ని ఆకులూ ఇచ్చేశాడు. "అన్నీ ఇవ్వకూడదురా, చిల్లర తీసుకో" అని వాడికి చిన్నాకులు నాలుగు వెనక్కిచ్చారు. వాడు వాటిని చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇందులో లెక్క ఉంది, మర్యాద ఉంది, బేరం ఉంది, ఇంట్లో విన్న పెద్దవాళ్ళ మాట తీరు ఉంది. అన్నిటినీ మించి ఇంకోటి ఉంది. ఒక ఆకును అది ఆకు అని తెలిసి కూడా నోటుగా ఒప్పుకున్నారు. రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగోత్స్కీ 1930ల నాటికే పట్టిచూపిన కీలకం ఇది: ఒక వస్తువు మరొకదానికి గుర్తుగా నిలబడుతుందని పిల్లలు ఆటలోనే మొదట ఒప్పుకుంటారు. రాత మొత్తం ఆ ఒప్పందం మీదే నిలబడి ఉంది. ఆకును నోటనుకోగలిగిన బుర్రకే 'క' అనే గీత ఒక శబ్దమని అర్థమవుతుంది. ఆ ఒప్పందం కుదరకముందే గీత గీయించడం, పునాది తవ్వకుండా గోడకు సున్నం కొట్టించడం లాంటిది.

ఇక బడిలో ఆట ఇంటి ఆటకు నకలు కాదు. చేతనైన టీచరు ఆ కొట్టులో ఒక తక్కెడ పెడుతుంది. కొనేవాడిగా వచ్చి "మూడు అడిగాను, రెండే ఇచ్చావేం?" అని తగువు పెట్టుకుంటుంది. పలకమీద ఏదో గీసి "ఇది బోర్డు" అని తెచ్చిన పిల్లను "ఏం రాశావో చదువు" అంటుంది. ఎప్పుడు జోక్యం చేసుకోవాలో, ఎప్పుడు గోడకానుకుని ఊరుకోవాలో తెలియడం కాపీ రాయించడం కంటే వందరెట్లు కష్టమైన పని. ఫీజు కట్టాల్సింది దానికి. ఎల్‌కేజీలోని కేజీ కిండర్‌గార్టెన్. 1840లో ఫ్రోబెల్ అనే జర్మన్ పెట్టిన పేరు, పిల్లల తోట అని అర్థం. మన పిల్లల సంచులు చూస్తే మాత్రం కిలోగ్రామేమో అనిపిస్తుంది.

3. ఎనభై అయిదు శాతం మెదడు

ప్లే స్కూళ్ళ కరపత్రాల మీద ఈ మధ్య తప్పకుండా కనిపించే అంకె ఇది. 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది: మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని. కాబట్టి మా దగ్గర రెండున్నరేళ్ళకే ఫోనిక్స్, మూడేళ్ళకే అబాకస్ అని ఆ కరపత్రం ముగుస్తుంది.

ఈ 'కాబట్టి' ఎక్కడినుంచి ఊడిపడింది? పసివాడు మొదటి ఏడాదిలో దాదాపు మూడింతల బరువు పెరుగుతాడు. కాబట్టి వాడికి ఆవకాయ అన్నం పెడదామా? ఎదుగుదల వేగంగా ఉన్న కాలంలో ఏది పెట్టాలనేదే అసలు ప్రశ్న. ఆ అంకె దానికి జవాబు చెప్పదు. జవాబు అదే విధానం కింద 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రంలో ఉంది. మూడు నుంచి ఎనిమిదేళ్ళ దశకు ఆటే నడుమ ఉండాలని, విడిగా పెట్టే పరీక్షలు ఆ దశకు బొత్తిగా తగవని అది తేల్చి చెప్పింది. కరపత్రం వేసినవాడు అంకెను కత్తిరించుకుని, కింది పేరాలను వదిలేశాడు.

4. వంద దాకా వచ్చు

"మా బుజ్జిదానికి వంద దాకా వచ్చండీ" అని చుట్టాలొచ్చినప్పుడల్లా నిలబెట్టి చెప్పిస్తారు. చెబుతుంది కూడా. ఊపిరి తీసుకోకుండా.

ఈసారి చుట్టాలొచ్చినప్పుడు ఇలా చేయండి. అయిదు చింతపిక్కలు ఒక వరసలో, వాటికి ఎదురెదురుగా ఇంకో అయిదు పెట్టండి. సమానమా అని అడగండి. అవునంటుంది. ఇప్పుడు ఆ పిల్ల చూస్తుండగానే కింది వరసను కాస్త ఎడంగా జరపండి. ఎందులో ఎక్కువున్నాయి? నాలుగేళ్ళ పిల్లలు చాలామంది పొడుగ్గా ఉన్న వరసను చూపిస్తారు. స్విట్జర్లాండ్ పరిశోధకుడు జాన్ పియాజే ఈ సంగతిని పుస్తకంగా రాసి ఎనభై ఏళ్ళు దాటింది. ప్రశ్న అడిగే తీరు మారిస్తే జవాబు కూడా కొంత మారుతుందని తర్వాతివాళ్ళు సరిదిద్దారు. అయినా ప్రతి ఇంట్లో ఇప్పటికీ కంటితో చూడగలిగిన నిజం ఒకటి మిగులుతుంది: అంకెల వరస నోటికి రావడం వేరు, 'అయిదు' అంటే ఎంతో తెలియడం వేరు. మొదటిది జోలపాట నేర్చుకున్నట్టు వస్తుంది. రెండోది చేతుల్లోంచి రావాలి.

చేతుల్లోంచి ఎలా వస్తుందో చూపించిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే ఇద్దరు 2008లో ప్రచురించారు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలను, అందరూ ఇంకా బడికెళ్ళని వయసువాళ్ళే, ఒకటి నుంచి పది దాకా అంకెలు వరసగా వేసిన గడుల పటం మీద ఆడించారు. తిప్పుడుబిళ్ళ ఎంత చూపిస్తే అన్ని గడులు జరగాలి, జరుగుతూ ఆ గడిలో ఉన్న అంకె పైకి చెప్పాలి. రెండు వారాల్లో నాలుగు విడతలు, విడతకు పావుగంట, ఇరవై నిమిషాలు. అంతే. అంకెలను గుర్తుపట్టడం, ఏది పెద్దదో చెప్పడం, లెక్కించడం బాగా మెరుగుపడ్డాయి. తొమ్మిది వారాల తర్వాత పరీక్షించినా ఆ మెరుగు నిలిచే ఉంది. అదే పటం మీద అంకెలకు బదులు రంగులు వేసి ఆడించిన పిల్లలకు ఆ లాభం రాలేదు.

అలాంటి పటం మన అటకల మీద దుమ్ము పట్టి ఉంది, పేరు వైకుంఠపాళి. పక్కనే వామనగుంటల పీట ఉండి ఉంటుంది: పద్నాలుగు గుంటలు, గుప్పెడు చింతపిక్కలు, ఒక్కో గుంటకు ఒక్కోటి పంచుకుంటూ పోవడం. పంచడం అంటే భాగహారమని ఆడే పిల్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు పడగానే వెల్లకిలా ఎన్నో, బోర్లా ఎన్నో ఒక్క చూపులో చెప్పే ఆరేళ్ళ పిల్లలను మా ఊళ్ళో చాలామందిని చూశాను. వాళ్ళు కూడికల పుస్తకం ముట్టింది ఆ తర్వాతే.

ఇక్కడో మెలిక ఉంది, ఆట పక్షం వాళ్ళు కూడా వినాల్సింది. రంగుల పటం పని చేయలేదు. ఆట అయితే చాలు, అన్నీ వాటంతటవే వచ్చేస్తాయనే మాట కూడా అబద్ధమే. ఏ ఆటలో ఏముందో తెలిసిన పెద్దవాళ్ళు పక్కన ఉండాలి.

5. కుదురు

కుర్చీలో కట్టేస్తే కుదురు వస్తుందంటారు. కుర్చీలో కట్టేస్తే వచ్చేది కట్టు విప్పేదాకా ఆగడం.

సందులో పిల్లలు 'స్టాచ్యూ' ఆడేటప్పుడు చూడండి. నాలుగేళ్ళవాడు ఒంటికాలి మీద, ముక్కు మీద ఈగ వాలినా కదలకుండా నిలబడతాడు. దాగుడుమూతల్లో తలుపు వెనక నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో నోరు మూసుకుని ఊపిరి బిగబట్టిన పిల్లను చూడండి. తనను తాను ఆపుకోవడం అంటే అదే, దాన్ని ఏ మేడమూ చూపుడువేలు నోటిమీద పెట్టి నేర్పలేదు. సోవియట్ పరిశోధకురాలు మనుయిలెంకో 1948లో సరిగ్గా దీన్నే కొలిచింది. ఊరికే కదలకుండా నిలబడమంటే పిల్లలు కాసేపే నిలబడ్డారు. నువ్వు కాపలావాడివి అని ఆటలో వేషం ఇస్తే ఎంతో ఎక్కువసేపు నిలబడ్డారు. ఆటలో నియమం వాళ్ళు ఒప్పుకున్నది, తప్పితే ఆట పోతుంది. క్లాసులో నియమం మనది, తప్పితే తిట్లు పడతాయి. ఏ అదుపు బయటివాడు లేనప్పుడు కూడా పనిచేస్తుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

6. వెనకబడటం

ఎవరి కన్నా? ఎప్పటికి?

న్యూజీలాండ్‌లో మామూలు బళ్ళలో అయిదేళ్ళకే చదవడం నేర్పుతారు. అక్కడే స్టైనర్ పద్ధతి బళ్ళలో ఏడేళ్ళ దాకా ఆ ఊసే ఎత్తరు. ఒటాగో విశ్వవిద్యాలయంలో సెబాస్టియన్ సగేట్ ఈ రెండు రకాల పిల్లలనూ పోల్చి చూశాడు. పదకొండేళ్ళు వచ్చేసరికి చదవడంలో తేడా మిగల్లేదు. చదివింది ఇంగ్లీషు అని గుర్తుంచుకోండి, రాతకూ పలుకుబడికీ పొంతన లేని భాష. రాసినట్టే పలికే తెలుగుకు అంత కంగారు అసలే అక్కర్లేదు.

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో ఇంకా కటువైన పాఠం దొరికింది. అక్కడ ప్రభుత్వ ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కు ముందు) తరగతుల్లో చోటు చాలక చీటీలు వేశారు. చీటీ తగిలిన పిల్లలనూ తగలని పిల్లలనూ కలిపి 2,990 మందిని ఆరో తరగతి దాకా గమనించి 2022లో ఫలితాలు వెల్లడించారు. మొదట్లో ప్రీ-కే పిల్లలే ముందున్నారు. మూడో తరగతికి వచ్చేసరికి వెనకబడ్డారు, ఆరోకి ఆ ఎడం ఇంకా పెరిగింది. కారణాల మీద వాదనలు ఇంకా తెగలేదు, నేను తెంచబోవడం లేదు. ముందు ఎక్కినవాడు ముందే దిగుతాడనే లెక్క మాత్రం అక్కడ తప్పింది. మనవాళ్ళు పిల్లల భవిష్యత్తు మొత్తం ఆ లెక్క మీదే వేసుకున్నారు.

"ఒకటో తరగతి అడ్మిషన్‌కి టెస్టు పెడతారండీ, రాకపోతే ఎలా?" అనేవాళ్ళకు 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చదివి వినిపించాలి. ప్రవేశానికి పిల్లవాడినో తల్లిదండ్రులనో వడపోస్తే మొదటిసారి 25 వేల దాకా, తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. ఆ ఒకటో తరగతి కూడా 2020 విధానం ప్రకారం ఆరేళ్ళు నిండాకే. అందులోనూ మొదటి మూడు నెలలు ఆటలతోనే సాగాలని ఎన్‌సీఈఆర్‌టీ 2021లో 'విద్యా ప్రవేశ్' పేరుతో పాఠాలు తయారుచేసి ఇచ్చింది. అంటే ఏ పోటీకి మీవాణ్ణి మూడేళ్ళకే తోముతున్నారో ఆ పోటీ చట్టంలో లేదు, పాఠ్యప్రణాళికలో లేదు. బడి తానే అడిగి, తానే భయపెట్టి, తానే అమ్ముతోంది.

"మేమూ ఇలాగే చదివాం" అనేది ఇంకో మాట. కాదు, మీరు ఇలా చదవలేదు. ఇవాళ యాభై ఏళ్ళున్నవాడు, డల్లాస్‌లో మేనేజరైనా విజయవాడలో డాక్టరైనా, పల్లెటూరివాడైతే ఆరో ఏటి దాకా గోలీకాయలే చదివాడు. పలకా బలపం పట్టుకుని నేరుగా ఒకటో తరగతిలో కూర్చున్నాడు. మన ఆచారం కూడా అక్షరాభ్యాసాన్ని అయిదో ఏటికి పెట్టింది. ఇప్పుడు బాసరలో వసంత పంచమినాడు నిలబడి చూస్తే చంకన ఉన్న పిల్లల చేత బియ్యంలో రాయిస్తున్నారు. జూన్‌లో నర్సరీ అడ్మిషన్ ఉందట.

7. పేదింటి నిచ్చెన

ఈ వాదనను మాత్రం వెటకారంతో దాటలేం. ఆటో నడిపే తండ్రి, ఇళ్ళల్లో పనిచేసే తల్లి కూతుర్ని అంగన్‌వాడీ మాన్పించి సందు చివర ఇంగ్లీషు మీడియం బడిలో వేస్తారు. ఎందుకని అడిగితే "అక్కడ గుడ్డు పెడతారు, ఆడిస్తారు. ఇక్కడైతే ఏబీసీడీలు రాయిస్తారు సార్" అంటారు. తమకు అందకుండా పోయింది తమ బిడ్డకు అందాలన్న ఆరాటం అది. దాన్ని చూసి పెదవి విరిచే హక్కు పిల్లల్ని లక్షల ఫీజులున్న బళ్ళలో వేసుకున్నవాళ్ళకు లేదు.

అయితే ఆ లక్షల బళ్ళలో ఏముందో చూశారా? ఇసక తొట్టి, నీళ్ళ తొట్టి, చెక్క దిమ్మెలు, రంగులు, బొమ్మల కొట్టు, పిల్లలతో నేల మీద కూర్చునే టీచరు. హోంవర్కు లేదు, పరీక్ష లేదు. ఆటను డబ్బున్నవాడు లెక్కపెట్టి కొనుక్కుంటున్నాడు. సందు చివరి బడిలో అద్దె గదిలో నలభై మందిని బెంచీలకు అతికించి నాలుగు గీతల కాపీ రాయిస్తున్నారు. ఎందుకంటే అది చౌక. చెక్క దిమ్మె కంటే కాపీ చౌక, శిక్షణ ఉన్న టీచరు కంటే బెత్తం చౌక. చౌకదాన్ని పేదవాడికి అంటగట్టి, అదే నీ నిచ్చెన అని చెబుతున్నాం.

నిచ్చెన ఎంత ఎక్కించిందో లెక్క కూడా ఉంది. అస్సాం, రాజస్థాన్‌లతో పాటు తెలంగాణ పల్లెల్లో కూడా, మొత్తం దాదాపు 14 వేల మంది పిల్లలను నాలుగో ఏటి నుంచి ఎనిమిదో ఏటి దాకా వెంబడించిన ఒక అధ్యయనం 2017లో బయటికొచ్చింది. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోని శిశువిద్యా కేంద్రం, అసర్ సెంటర్ కలిసి చేశాయి. ప్రైవేటు బళ్ళు ఒకటో తరగతిని కిందికి లాగి మూడేళ్ళవాళ్ళ మీద రుద్దుతున్నాయని అది రాసింది. అంగన్‌వాడీల్లో నేర్పే పని అంతంతమాత్రంగా ఉందని కూడా రాసింది. రెండు చోట్లా అయిదేళ్ళకు పిల్లలు బడికి సిద్ధంగా లేరు. కాపీ రాసినవాళ్ళు కూడా సిద్ధంగా లేరు, అది గమనించాలి.

పైన చెప్పిన గడుల పటం ఆటతో లాభపడింది ఎవరు? తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలే. చేతులతో నేర్చుకునే చదువు పుట్టింది ఎక్కడ? 1907లో రోమ్‌లోని సాన్ లోరెంజో అనే కార్మికవాడలో, పగలు తల్లిదండ్రులు పనికి పోతే మెట్ల మీద అల్లరి చేస్తున్న పిల్లల కోసం మారియా మాంటిస్సోరి తెరిచిన గదిలో. ఆమె దాన్ని ఆట అనలేదు, పని అంది. ఆ తగువు వేరే. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మనవాళ్ళకు స్వయంగా నేర్పింది. ఇవాళ కోస్తాలో ఏ చిన్న టౌనుకు పోయినా మాంటిస్సోరి అనే బోర్డు ఉంటుంది, లోపల బెత్తమూ కాపీ ఉంటాయి.

అంగన్‌వాడీ మాట కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఇల్లు దాటి నాలుగడుగులు వేస్తే పసిపిల్లలకు ఆడుకునే బడి దొరికే ఏర్పాటు ఇంత పెద్దది ఇంకోటి లేదు. అక్కడ టీచరు తూకాలు తూచి, రిజిస్టర్లు నింపి, యాప్‌లో ఫొటోలు ఎక్కించి, సర్వేకి తిరిగి, మిగిలిన అరగంటలో పిల్లలను ఆడించాలి. ఆ అరగంటలో జరిగేది ఆట కాదు, పొద్దుపుచ్చడం. కూతుర్ని అంగన్‌వాడీ మాన్పించిన ఆ తల్లి కోపం న్యాయమైనదే, తప్పు దిక్కుకు మళ్ళింది. ఆమె అడగాల్సింది ఏబీసీడీలు కాదు, ఆ టీచరుకు సమయం, ఆ గదికి బొమ్మలు.

8. నేను అనని మాట, అనే మాట

ఆట సర్వరోగ నివారిణి అని నేను అనను. నటించి ఆడే ఆటల మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ 2013లో ఏంజెలిన్ లిలార్డ్ బృందం జల్లెడ పట్టి, వాటి వల్లే ఫలానా తెలివి పెరుగుతుందని చెప్పడానికి రుజువులు చాలవని రాసింది. నిజాయితీగా ఒప్పుకోవాలి. కానీ అటువైపు చూడండి: మూడేళ్ళవాడి చేత పేజీలు నింపిస్తే మేలని చెప్పే రుజువేది? అది అడిగితే పక్క ఫ్లాటు పిల్ల నోటుపుస్తకం చూపిస్తారు.

కాబట్టి ఆరేళ్ళ లోపు పిల్లలకు రాత హోంవర్కు ఉండకూడదు. తగ్గించడం కాదు, అసలు ఉండకూడదు. పరీక్ష, ర్యాంకు, ఆన్యువల్ డే రోజు వంద దాకా చెప్పించడం కూడా ఉండకూడదు. ప్రీ-ప్రైమరీకి సంచి వద్దని, రెండో తరగతి దాకా హోంవర్కు వద్దని 2020లో కేంద్రం తెచ్చిన స్కూలు సంచుల విధానంలోనే ఉంది. అమలు చేయించాల్సిన అధికారుల పిల్లలు కూడా అదే సంచి మోస్తున్నారు.

మీటింగులో లేచిన ఆ తండ్రికి ఇప్పుడు నా జవాబు. మీ ప్రశ్న సరైనదే, ఫీజు దేనికో అడగాల్సిందే. అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు అడగండి. పిల్లలు ఆడే ఇసక ఎక్కడుంది? టీచరు నేల మీద కూర్చుంటుందా? ఒక్కరి దగ్గర ఎంతమంది పిల్లలున్నారు? వర్షం పడితే ఏం ఆడిస్తారు? ఇద్దరు ఒకే బొమ్మ కోసం కొట్టుకుంటే మీరేం చేస్తారు? టీచరు ఈ ఆఖరి ప్రశ్నకు చెప్పే జవాబు జాగ్రత్తగా వినండి. జవాబుకు బదులు కరస్పాండెంటు గారు బీరువా తెరిచి, నిండిన నోటుపుస్తకాల కట్ట తీసి టేబుల్ మీద పెడితే, చెప్పులేసుకుని వచ్చేయండి.